నేలను బట్టే టైరు
(ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఏటీవీ జట్టు ప్రణాళిక)

మట్టి ట్రాకు మీద బండికీ నేలకూ ఉన్న సంబంధమంతా నాలుగు టైర్ల దగ్గరే. ఇంజన్ ఎంత లాగినా, బ్రేకు ఎంత పట్టినా, స్టీరింగ్ ఎంత తిప్పినా చివరికి ఆ పని టైరే చేయాలి. అయినా మన కాలేజీ జట్లలో టైరు మాట ఎప్పుడూ ఆఖరుకే వస్తుంది. ఫ్రేము వెల్డింగ్ అయిపోయి, గేర్‌బాక్సుకు డబ్బు కట్టేశాక మిగిలిన పైసలకు ఏది దొరికితే అది వేస్తారు. లేదంటే పోయినేడు గెలిచిన జట్టు ఏ కంపెనీది వేసిందో ఆరా తీసి అదే తెప్పిస్తారు. ఈ రెండు అలవాట్లకూ స్వస్తి చెప్పాలని మా జట్టు తీర్మానించింది.

మా జట్టు బండి కట్టేది బాహా పోటీల కోసం. అవి 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా యూనివర్సిటీలో పుట్టాయి. మన దేశంలో ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘమైన ఎస్ఏఈ ఇండియా ఆధ్వర్యంలో 2007లో మొదలయ్యాయి. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ పక్కనున్న పీతంపూర్ వాటికి పేరుపడ్డ వేదిక. తెలుగు రాష్ట్రాల కాలేజీల నుంచి కూడా విద్యార్థులు సొంతంగా కట్టిన ఒంటి సీటు ఏటీవీలతో (ఎలాంటి నేల మీదైనా నడిచే బండ్లతో) అక్కడికి వెళ్తుంటారు. పెట్రోలు బండ్లలో ఏళ్లుగా నడిచింది ఒకటే ఇంజన్, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారి 10 హార్స్‌పవర్‌ది. అందరికీ అదే ఇంజన్ అయినప్పుడు గెలుపోటములు తేలేది బరువు, గేరు, సస్పెన్షన్, టైర్ల దగ్గర. వీటిలో మనం తయారు చేయలేనిది, కొనక తప్పనిది టైరు ఒక్కటే. కాబట్టి ఎంపికలోనే మన తెలివి చూపాలి. అందుకు మేము పెట్టుకున్న సూత్రాలివి.

1. ముందు నేల, తర్వాతే టైరు

పీతంపూర్ మాళ్వా పీఠభూమి మీద ఉంది. ఆ ప్రాంతానిది నల్లరేగడి. ఎండితే గట్టిబడి పగుళ్లిస్తుంది, తడిస్తే జిగటై చక్రానికి చుట్టుకుంటుంది. మేము ప్రాక్టీసు చేసేది కాలేజీ వెనక ఎర్ర చెల్కలో. అక్కడ వాన నీరు త్వరగా ఇంకుతుంది, ఎండాకాలం పైన గరుకు ఇసుక తేలి చక్రం జారుతుంది. చెల్కలో బాగా పట్టిన టైరు రేగడిలోనూ పడుతుందనే భరోసా లేదు.

అందుకే ఏ ట్రాకుకు వెళ్లినా మొదట మట్టి చూస్తాం. గుప్పెడు మట్టి తీసుకుని, కాసిని నీళ్లు చల్లి పిసుకుతాం. ముద్ద కట్టకుండా రాలిపోతే ఇసుక పాలు ఎక్కువ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒత్తుకుంటూ పోతే తెగకుండా పట్టీలా సాగిందంటే బంకమట్టి. మా ఊళ్లలో రైతులకు ఈ పరీక్ష కొత్తేమీ కాదు.

మెత్తటి వదులు నేలకు పొడుగాటి బటన్లు (టైరు మీద పొడుచుకొచ్చే రబ్బరు దిమ్మలు), వాటి మధ్య ఎడం ఉన్న టైరు కావాలి. బటన్లు నేలలోకి దిగి తోస్తాయి. జిగట బురదలో ఆ ఎడం ఇంకా ఎక్కువ ఉండాలి. లేకపోతే సందుల్లో మట్టి కూరుకుపోయి టైరు గుండవుతుంది. గట్టిబడిన ట్రాకుకు ఇది తిరగబడుతుంది. పొట్టి బటన్లు దగ్గర దగ్గరగా ఉండి, రబ్బరు మెత్తగా ఉంటేనే పట్టు. అలాంటి చోట పొడుగు బటన్లు మలుపులో పక్కకు వంగుతాయి, వేడెక్కుతాయి, అంచులు చిరుగుతాయి. అయితే మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది. నాలుగు గంటలు సాగే ఎండ్యూరెన్స్ రేసులో మొదటి గంట పట్టు చూసి మురిసిపోతే లాభం లేదు.

2. టైరు ఖరారయ్యాకే డ్రాయింగు

టైరు మీద 22x7-10 అని ఉంటే బయటి వ్యాసం 22 అంగుళాలు, వెడల్పు 7, రిమ్ము 10 అని లెక్క. ఈ మూడంకెలు తేలకుండా గేరు నిష్పత్తి నిర్ణయించడం గాలిలో మేడలు కట్టడమే. గేర్లు మార్చకుండా 21 అంగుళాల టైరు తీసి 23ది వేస్తే పైవేగం దాదాపు 9.5 శాతం పెరుగుతుంది, నేలను తోసే బలం దాదాపు అంతే తగ్గుతుంది. 10 హార్స్‌పవర్ బండి కొండెక్కేటప్పుడు అది చిన్న తేడా కాదు. అందుకే టైరు సైజు డిజైన్ మొదటి వారంలోనే తేలాలి, దాని డబ్బు మొదటే పక్కన పెట్టాలి. విదేశీ టైరు తెప్పించేట్టయితే కస్టమ్స్ సుంకం, రవాణా ఆలస్యం కూడా ముందే లెక్కలోకి రావాలి. మన దేశపు కంపెనీ బీకేటీ కూడా ఏటీవీ టైర్లు తయారు చేస్తోంది. దేశంలో దొరికేదాన్ని చూడకుండా బయటిది ఆర్డర్ పెట్టం.

3. ముందు టైరు పని వేరు, వెనక టైరు పని వేరు

ముందు టైరు దారి చూపాలి, వెనకది తోయాలి. అమెరికాలో ఏటీవీ మోటోక్రాస్ రేసుల్లో ముందు 20x6-10, వెనక 18x10-8 వాడటం పరిపాటి. ముందువి సన్నగా ఎత్తుగా, వెనకవి పొట్టిగా వెడల్పుగా ఉంటాయి. అక్కడే అడవి దారుల్లో రాళ్లూ వేర్లూ దాటే క్రాస్‌కంట్రీ రేసులకు వచ్చేసరికి టైరు ఎత్తు పెరుగుతుంది, సైడ్‌వాల్‌కు (టైరు పక్కగోడకు) ఆరు ప్లై, అంటే ఆరు పొరల, బలం కావాల్సి వస్తుంది. ఒకే రకం బండికి కూడా నేల మారితే టైరు మారుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

డిఫరెన్షియల్ లేకుండా వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగే బండి మలుపులో తిన్నగా ముందుకే పోతుంది. అలాంటి బండికి వెనక పట్టు మరీ ఎక్కువైనా ఇబ్బందే. కాబట్టి నాలుగు టైర్లూ ఒకటే ఉంటే చూడ్డానికి బాగుంటుందన్న వాదనను మేము ఒప్పుకోం.

4. తిరిగే బరువు రెండింతల బరువు

టైరు అంచున తగ్గించిన ఒక కిలో, బండి వేగం అందుకునే విషయంలో ఫ్రేములో తగ్గించిన దాదాపు రెండు కిలోలకు సమానం. ఆ బరువును ముందుకు తొయ్యాలి, గుండ్రంగానూ తిప్పాలి. అందుచేత అవసరానికి మించిన ప్లై, అవసరానికి మించిన వెడల్పు మాకొద్దు. అలాగని రాళ్ల ట్రాకుకు పల్చటి సైడ్‌వాల్ వేసుకుని సగం రేసులో పిట్‌లో కూర్చోవడమూ వద్దు. కొనే ముందు ప్రతి టైరునూ కాటా మీద పెడతాం.

5. గాలి మా చేతిలో ఉన్న అతి చవకైన ట్యూనింగ్

కారుకు ముప్పై చిల్లర కొట్టే చోట ఈ టైర్లకు సాధారణంగా 10 పీఎస్ఐ లోపే చాలు. ఇక్కడ ఒక్క పీఎస్ఐ తేడా కూడా బండి నడకను మార్చేస్తుంది. రోడ్డు పక్క పంక్చర్ షాపు గేజిలో ఆ అంకెల దగ్గర ముల్లు నమ్మదగ్గది కాదు. జట్టుకు సొంతంగా తక్కువ పీడనం చూపే గేజి ఉండి తీరాలి. జనవరి పొద్దున 15 డిగ్రీల చలిలో 7 పెట్టిన టైరు, లోపలి గాలి 35 డిగ్రీలకు వేడెక్కేసరికి ఎనిమిదిన్నర దగ్గరికి చేరుతుంది. అందుకే ఏ వేళ, ఏ ఎండలో కొలిచామో కూడా రాసుకుంటాం.

గాలి సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి సుద్దముక్క చాలు. బటన్ల మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు లావుపాటి గీత గీసి, బండిని గట్టినేల మీద కొన్ని గజాలు తిన్నగా నడిపి దిగి చూడాలి. నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ. అంచులు చెరిగి నడుమ మిగిలితే తక్కువ. అంతటా ఒకేలా చెరిగితే అక్కడి నుంచి మలుపుల పరీక్ష మొదలు. రిమ్ము మీద బీడ్ (టైరు లోపలి అంచు) కూర్చోబెట్టేటప్పుడు సైడ్‌వాల్ మీద అచ్చువేసిన గరిష్ఠ పీడనాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ దాటం.

6. కొనే దగ్గర మొహమాటం లేదు

సైడ్‌వాల్ మీద 3523 అని ఉంటే అది 2023లో 35వ వారంలో తయారైంది. ఏళ్ల తరబడి గోదాములో ఎండిన టైరు బటన్లు నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. ఆ అంకె చూడకుండా డబ్బివ్వం. వెనక జత టైర్లకు గాలి సమానంగా కొట్టి చుట్టుకొలత టేపుతో కొలుస్తాం. ఒకే సైజు రాసి ఉన్నా చుట్టుకొలతలో తేడా రావచ్చు. కలిసి తిరిగే వెనక చక్రాలకు ఆ తేడా బండిని ఓ పక్కకు లాగుతుంది. ఒకే వైపు మలుపులుండే ఓవల్ ట్రాకుల్లో దాన్ని కావాలనే పెడతారు. రెండు వైపులా మలుపులున్న ట్రాకులో అది మనకు పనికిరాదు.

7. అడ్డదారులు తొక్కం

రబ్బరును మెత్తబరిచే రసాయనాలు పూయం. నిబంధనలు ఒప్పుకున్న చోట బటన్లు కోసి సవరించినా, ముందు పాత టైరు మీద పరీక్షించాకే చేస్తాం. ఏటీవీ టైర్లతో రోడ్డెక్కం. హెల్మెట్, బెల్టు లేకుండా ప్రాక్టీసు లాప్ కూడా వేయం.

8. లెక్క దాచుకోం

ప్రతి టైరుకూ ఒక పేజీ ఉంటుంది. కొన్న ధర, బరువు, తయారీ వారం, ఏ నేల మీద ఎంత గాలితో నడిచింది, ఎక్కడ అరిగింది అన్నీ అందులో రాస్తాం. సీనియర్లు డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతే వాళ్లతోపాటు తెలిసిందంతా వెళ్లిపోయే పద్ధతి ఇక సాగదు. ఆ పుస్తకం జూనియర్లకే కాదు, అడిగిన ఏ కాలేజీ జట్టుకైనా ఇస్తాం. పోటీ ట్రాకు మీద చూసుకుందాం, మట్టి గురించి తెలుసుకోవడంలో వద్దు.

తోటి జట్లకు మా విన్నపం ఒక్కటే. ఈసారి టైర్ల కోసం దుకాణానికి ఫోను చేసే ముందు మీ ట్రాకు మట్టిని ఒకసారి చేత్తో పిసికి చూడండి. తేలిన సంగతి కాగితం మీద పెట్టి మాకూ పంపండి, మాది మీకు పంపుతాం.