పట్టూ విడుపూ

మొన్న ఆదివారం సాయంత్రం నేనొక మహామొసలిని రెండు చేతులా పట్టి తోశాను. నవ్వకండి. ఈ ఘనకార్యం ఫిలిం నగర్లో, దైవసన్నిధానం గుడికి కాస్త దిగువన, మా మేనల్లుడు అద్దెకుంటున్న మూడో అంతస్తు గదిలో జరిగింది.

మావాడు సినిమాలకి కంప్యూటర్ మీద జంతువుల్నీ రాక్షసుల్నీ తయారుచేసే చోట ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారాలు నలుగుర్ని పోగుచేసి "డంజియన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట ఆడిస్తాడు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారు బయటపెట్టిన ఆట అది. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవాళ్ళు అందులో తలా ఒక పాత్ర. "వాణ్ణి పొడిచాను" అంటే చాలదు. 20 ముఖాల పాచిక వేసి, దానికి మన బలమో చురుకో కలిపి, కావలసినంత వచ్చిందని చూపించాలి.

మా అమ్మాయి ఏడాదిగా ఆ ఆటకి వెడుతోంది. ఆ రోజు ఒకతను షూటింగు పడి రాలేదు. "మావయ్యా, నువ్వు కూర్చో" అన్నాడు మావాడు. చెప్పవద్దూ, కూర్చోడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఇంటరయ్యాక బొమ్మల కోర్సులో చేరతానని అమ్మాయి అంటే నేను ససేమిరా అన్నాను. పది రోజులుగా నాతో "ఊఁ", "ఊహూఁ" తప్ప మాట లేదు.

నాకు మల్లుడి పాత్ర ఇచ్చారు. అమ్మాయిది చురుకైన దొంగపిల్ల. అందరం ఏరు దాటుతున్నాం. మొసలి వచ్చి దొంగపిల్ల కాలు పట్టింది.

ఇద్దరు మనుషులు కలబడితే, 2014 నాటి పుస్తకం ప్రకారం ఇద్దరూ పాచికలు వెయ్యాలి. ఎక్కువ వచ్చినవాడిది పైచేయి. 2024లో ఈ పద్ధతి కొంత మార్చారుగాని, మావాడికి పాత పుస్తకమే వేదం. మొసలి దగ్గర ఆ పోటీ లేదు. కాటు తగిలిందా, పట్టు పడ్డట్టే! విడిపించుకోవడానికి ఎంత రావాలో ఆ జంతువు పేరు కిందే రాసి ఉంటుంది. మామూలు మొసలికి 12, కొండచిలువకి 14, మహామొసలికి 16, క్రాకెన్ అనే సముద్రభూతానికి 18. బలంతో గింజుకోవచ్చు, చురుకుతో జారిపోవచ్చు. ఆ ప్రయత్నానికే వంతు ఖర్చవుతుంది గనక, సాధారణంగా ఆ విడత కత్తి దూయడం కుదరదు.

"మొసలికి పట్టడం కాక వేరే విద్య ఏముంది మావయ్యా? అంచేత దానికి పోటీ పెట్టలేదు" అన్నాడు. 2000లో వచ్చిన కూర్పులో ఇదంతా పెద్ద గణితమట. ఒళ్ళు ఒక్కో మెట్టు పెరిగినకొద్దీ 4 కలపాలి. మృగం ఒక్క అవయవంతో మాత్రం పట్టి, మిగతా ఒంటితో మామూలుగా పోరాడాలంటే 20 తీసెయ్యాలి. ఎవడైనా "పట్టుకుంటాను" అంటే బల్లచుట్టూ నిట్టూర్పులేనట.

తెలుగు మేష్టర్ని గదా, నాకు గజేంద్రుడు గుర్తొచ్చాడు. పుస్తకం తిప్పి చూస్తే ఏనుగు బలానికి కలిపేది 6. మా దొంగపిల్ల చురుకుకీ 6. ఇద్దరికీ పాచిక మీద 10 పడితే చాలు. అంటే 20 ముఖాల్లో 11 ముఖాలు అనుకూలం, సగానికి మించిన అవకాశం. ఆటలో ఒక విడత 6 సెకన్లు. ఆ లెక్కన పోతనగారి ఏనుగు వెయ్యేళ్ళు పెనుగులాడడమేమిటి, అర నిమిషంలో గట్టెక్కకపోతే ఆశ్చర్యం! భాగవతంలో రానురాను మొసలికి బలం పెరుగుతుంది, ఏనుగుకి తరుగుతుంది. నీళ్ళు మొసలివి. ఈ పుస్తకంలో పట్టినవాడికీ అలుపు లేదు, చిక్కినవాడికీ లేదు. ఇది లోటేనని గట్టిగా చెప్పాను.

"నాన్నా, నా వంతు" అంది అమ్మాయి.

పది రోజుల్లో అదే మొదటి వాక్యం. పాచిక మీద 7 పడింది. 6 కలిపితే 13. మొసలి మళ్ళీ కొరికింది. ఇంకొక్క కాటు పడితే ఏడాదిగా పెంచుకున్న పాత్ర పోతుంది. అమ్మాయి కాగితం వైపు చూస్తూ కూర్చుంది. కళ్ళు ఎత్తలేదు.

"దవడలు పట్టి చీలుస్తాను" అని లేచాను.

"కుదరదు మావయ్యా. నీకన్న ఒక్క మెట్టు పెద్దదాన్నే పట్టగలవు, తొయ్యగలవు. మనిషి మీద మెట్టు పెద్దది. దాని మీద మెట్టు భారీది. ఇది భారీ మొసలి."

"మరి భీముడు హిడింబుణ్ణి చంపలేదటరా?"

"ఒక మెట్టే. పట్టొచ్చు."

"బకాసురుణ్ణి?"

"వాణ్ణీ పట్టొచ్చు."

"కీచకుణ్ణి?"

"వాడు మనిషేగా! నర్తనశాల చూడు."

నిజమే. 1963 నాటి ఆ చిత్రంలో కీచకుడు ఎస్వీ రంగారావు, భీముడు బరువులెత్తడంలో పేరుపడ్డ దండమూడి రాజగోపాల్. ఒళ్ళూ ఒళ్ళూ సరిజోడు. అంచేతే ఆ పట్టులో బరువు కనిపిస్తుంది. మావాడి ఉద్యోగంలో తలనొప్పంతా ఇక్కడేనట. ఇప్పుడు హీరో ఖాళీ గాలితో కుస్తీ పడతాడు. మృగాన్ని తరవాత చేరుస్తారు. హీరో మడమలు నేలలో దిగబడకపోతే ఎంత మృగమైనా దూదిబస్తాలా ఉంటుంది. ఆ మాట విన్నాక మెట్ల నిబంధన మీద నా కోపం కొంత తగ్గింది. కొంతే సుమండీ.

ఇంతలో డబ్బింగు థియేటర్లో పనిచేసే కుర్రాడు, ఆటలో మంత్రగాడు, "సార్, నేను మిమ్మల్ని పెంచుతాను" అన్నాడు. సురస ఎదట హనుమంతుడు పెరిగినట్టు, వాడి మంత్రంతో నేను ఒక మెట్టు పెరుగుతానట. మొసలికీ నాకూ తేడా ఒక్కటే మెట్టవుతుంది. పైగా బలపరీక్షలో రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. వేశాను. 5, 13. నా బలం 7 కలిపితే 20. మొసలి తరఫున మావాడు వేస్తే 11, దాని బలం 5, మొత్తం 16. అయిదడుగులు అవతలికి తోశాను! చిక్కినవాళ్ళు దాని నోటికి అందకపోతే పట్టు వీడినట్టే.

అమ్మాయి పెన్సిలు తీసి కాగితం మీద ఏదో దిద్దుకుంది.

తిరుగుదారిలో జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఎర్రదీపం పడింది. స్కూటరు ఆపాను. వెనకనించి, "నాన్నా, గజేంద్రుడితో వచ్చిన మిగతా ఏనుగులేం చేశాయి?" అని అడిగింది.

"ఏమీ చెయ్యలేకపోయాయమ్మా."

"మా ఆటలో పక్కవాళ్ళు సాయం పట్టినా రెండు పాచికలు వెయ్యొచ్చు. నా వంతప్పుడు ఎవరికీ తోచలేదు."

"ఆ కోర్సు కాగితాలు రాత్రికి నా బల్లమీద పెట్టు" అన్నాను.

పచ్చదీపం వెలిగింది. వెనకాల కార్లవాళ్ళు హారన్లు మొదలెట్టారు.

"చదువుతావా, ఊరికే తిరగేస్తావా?" అంది.