త్రాగనివానికి లివరు ఎందుకు చెడును?



మన పామర్రు ప్రాంతమున ఎవరైనా లివరు చెడి చనిపోయిరని వినగానే మొదట వచ్చు మాట, "తాగేవాడా?" అని. కాదని ఇంటివారు చెప్పినను నమ్మువారు తక్కువ. "దాచి తాగుంటాడులే" అని ఓదార్చ వచ్చినవారే గుసగుసలాడుకొందురు. భర్తను పోగొట్టుకొన్న సహోదరి దుఃఖముతోపాటు ఈ నిందను కూడ మోయవలసి వచ్చుచున్నది. మరియొక వైపున, ముప్పది ఏండ్లు త్రాగి డెబ్బది దాటిన పెద్దమనిషిని చూపి, "ఆయనకేమైంది?" అని పడుచువారు అడుగుచున్నారు. ఈ రెండు మాటలకును జవాబు కాలేయములోనే కలదు గనుక ఈ నెల దానిని గూర్చి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

కాలేయములో రక్తము బహు సన్నని కాలువలగుండా పారును. ఆ కాలువ గట్టునకును కాలేయ కణములకును నడుమనున్న ఇరుకు సందులో నక్షత్రమువలె కొమ్మలు చాచిన కణములు కొన్ని ఉండును. 1876లో కుప్ఫర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వీటిని వర్ణించి నక్షత్ర కణములని పేరు పెట్టెను. మామూలు దినములలో వీటి పని విటమిన్ 'ఎ'ను క్రొవ్వు బొట్లలో దాచుట. మన ఒంటిలోని విటమిన్ 'ఎ'లో ఎక్కువ భాగము ఇచ్చటనే నిలువయుండును. ఇంత నెమ్మదిగల కణమే లివరును గట్టిపరచునని ఎవరనుకొందురు?

పంటకాలువకు గండి పడినప్పుడు ఊరివారు పరుగున వచ్చి మట్టి, ఇసుక బస్తాలు వేసి పూడ్చుదురు. అది మంచి పనియే. కాని ప్రతిదినము గండి పడుచుండిన యెడల వారు ఇంటికి పోరు, మట్టి వేయుట మానరు. తుదకు కాలువయే పూడిపోయి నీరు ఎగదన్నును. లివరులో జరుగునది ఇదే. సారాయి వలన గాని, వైరసు వలన గాని, పేరుకొనిన క్రొవ్వు వలన గాని కాలేయ కణములు దెబ్బతినగానే అవియు, కాపలా కణములును కబురు పంపును. ఆ కబుర్లలో ముఖ్యమైనది టి.జి.ఎఫ్. బీటా అను ప్రొటీను. అది అందగానే నక్షత్ర కణము తన విటమిన్‌ను విడిచిపెట్టి, రూపు మార్చుకొని, సంఖ్యలో పెరుగును. అంతవరకు నిద్రించుచున్న జన్యువులు దానిలో మేల్కొని కొల్లాజెన్ అను నారను తయారుచేయించును. అంతేకాదు, పాత మచ్చను కరిగించు ఎంజైములకు అడ్డుపడు ప్రొటీనును కూడ అదే విడుదల చేయును. రక్తము పారు దారి మూసుకొనగా వెనుక ఒత్తిడి పెరిగి పొట్టలో నీరు చేరుట, రక్తపు వాంతులు కలుగును. దీనినే సిరోసిస్ అందురు.

మరి అందరికీ ఒకే రీతిగా ఎందుకు జరుగదు? విస్తారముగా త్రాగువారిలో సిరోసిస్ వచ్చునది పదిమందిలో ఒకరిద్దరికే. 2008లో అమెరికాలోని డల్లాస్ పరిశోధకులు పి.ఎన్.పి.ఎల్.ఎ.3 అను జన్యువులో ఒక చిన్న మార్పును కనుగొనిరి. ప్రొటీనులో 148వ స్థానమున ఒక అమైనో ఆమ్లమునకు బదులు మరియొకటి వచ్చి చేరును, అంతే. ఆ మార్పు గలవారి లివరులో క్రొవ్వు సులువుగా కరుగదు. ఈ జన్యువు నక్షత్ర కణములలో కూడ పనిచేయును. తల్లి నుండియు తండ్రి నుండియు రెండు ప్రతులు వచ్చినవారికి అపాయము హెచ్చు. అట్టివారు చుక్క ముట్టకపోయినను, షుగరు, నడుము చుట్టు క్రొవ్వు తోడైనచో మచ్చ ఏర్పడవచ్చును. 2018లో దీనికి వ్యతిరేకముగా లివరును కొంత కాపాడు మార్పు మరియొక జన్యువులో బయటపడెను. డెబ్బది దాటిన ఆ పెద్దమనిషికి ఏది ఉన్నదో ఎవరికి తెలియును? ఆయనను చూచి సీసా పట్టుకొనుట తెలివిగల పని కాదని మా అభిప్రాయము.

లివరులో పడిన మచ్చ ఇక పోదని పూర్వము వైద్యులే అనుకొనిరి. అది పూర్తిగా నిజము కాదు. దెబ్బ తగులుట ఆగినచో నక్షత్ర కణములు కొన్ని చనిపోవును, కొన్ని మరల నిద్రలోనికి పోవును. అప్పుడు ఎంజైములు నారను మెల్లగా కరిగించును. హెపటైటిస్ 'బి' రోగులకు టెనోఫోవిర్ అను మాత్రను ఐదేండ్లు ఇచ్చి చూచిన ఫలితములు 2013లో ప్రచురింపబడెను. ముందు సిరోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి తరువాతి పరీక్షలో అది కనబడలేదు. అయితే పొట్టలో నీరు చేరిన పిమ్మట దారి మిక్కిలి కష్టము. త్రాగుడు మానుట, బరువు తగ్గుట, షుగరు అదుపు అంతకు ముందే జరుగవలెను. లివరు గట్టితనమును కోయకుండ కొలుచు ఫైబ్రోస్కాన్ పరీక్ష ఇప్పుడు కలదు.

పసరు మాటకు వత్తుము. కలుషిత నీటి వలన వచ్చు కామెర్లు చాలమందికి వాటంతటవే తగ్గును. పేరు మాత్రము పసరుకు వచ్చును. హెపటైటిస్ 'బి' అయితే కండ్ల పచ్చదనము పోయినను వైరసు కొందరిలో ఏండ్ల తరబడి దాగియుండి గండ్లు కొట్టుచునే ఉండును. కనుక కామెర్లు వచ్చినవారు 'బి', 'సి' రక్తపరీక్షలు చేయించుకొనక పసరుతో సరిపెట్టుకొనరాదు. 'బి'కి టీకా ఒకప్పుడు విదేశములనుండి వచ్చి పేదలకు అందనిదై యుండెను. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, వైరసు పైపొర ప్రొటీనుకు చెందిన జన్యువును ఈస్టులో పెట్టి మన దేశములోనే ఆ టీకాను తయారుచేసెను. ఇప్పుడు ప్రభుత్వమే దానిని ఉచితముగా వేయుచున్నది. మొదటి మోతాదు బిడ్డ పుట్టిన 24 గంటలలోపు, తరువాతివి 6, 10, 14 వారములకు. పురుటికి ఆసుపత్రికి వెళ్లు తల్లులు ఆ మొదటి మోతాదును అడిగి వేయించుకొని మరీ ఇంటికి రావలెను.