ఏ ఎండ్ నుంచి వేశాడో ఎవరు రాస్తారు?

టీ20లో నాలుగు ఓవర్లకి 44 పరుగులిచ్చిన బౌలర్‌ని మనం రెండు సెకన్లలో తిట్టేస్తాం. స్కోర్‌కార్డ్ కూడా 4-0-44-0 అని రాసి చేతులు దులుపుకుంటుంది. ఏ ఎండ్ నుంచి వేశాడన్నది అందులో ఉండదు. నాకిది అన్యాయం అనిపిస్తుంది.

పిచ్ మైదానానికి సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకి ఉందనుకోండి. అటువైపు బౌండరీ దగ్గరవుతుంది. అదే బౌండరీ ఒక ఎండ్ నుంచి బంతి వేస్తే కుడిచేతి బ్యాటర్‌కి లెగ్ సైడు, రెండో ఎండ్ నుంచి వేస్తే ఆఫ్ సైడు. బలంగా లాగి కొట్టేది ఎక్కువగా లెగ్ సైడే కదా! గాలి కూడా అటే వీస్తుంటే సరిగ్గా తగలని షాట్ కూడా సిక్సే. వెల్లింగ్టన్‌లో గాలికి ఎదురు పరిగెత్తి వేసేవాడి కష్టం వేరే చెప్పాలా? లార్డ్స్‌లో అయితే నేలే ఒక పక్క నుంచి ఇంకో పక్కకి సుమారు 2.5 మీటర్లు వాలు. పెవిలియన్ ఎండ్ నుంచి వేస్తే కుడిచేతి వాళ్లకి బంతి లోపలికి వస్తుంది. 1997లో అక్కడ 38 పరుగులకే 8 వికెట్లు తీసిన మెక్‌గ్రాత్‌కి ఇష్టమైన ఎండ్ అదే.

నమ్మకమున్న బౌలర్‌కే కెప్టెన్ కష్టమైన ఎండ్ అప్పజెప్తాడు. ఎకానమీ పాడయ్యేది వాడిదే, రేపు వేలంలో ధర తగ్గేదీ వాడికే.

ఓవర్‌కో ఎండ్ మారుతుంది కాబట్టి ఓవర్ నంబర్ సరా బేసా చూస్తే (మా భాషలో మాడ్యులో 2) సగం సమాచారం దొరికినట్టే. ఇన్నింగ్స్ ఏ ఎండ్ నుంచి మొదలైందో చెప్పే ఒక్క కాలమ్ చాలు. బంతి ఎంత తిరిగిందో కూడా కొలిచే ఈ రోజుల్లో అదేమంత పెద్ద పని?