ఖమ్మం టీకా అధ్యయనం ప్రయోగమే

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా మాట వచ్చిన ప్రతిసారీ మన పత్రికలు, చానెళ్లు రెండుగా చీలిపోతాయి. ఖమ్మంలో ఆడపిల్లల ప్రాణాలు తీసింది ఈ టీకాయేనని ఒక వర్గం అంటుంది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేలిపోయింది కదా, మళ్లీ ఆ ఊసెందుకని మరో వర్గం అడుగుతుంది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించాక ఈ చర్చకు మళ్లీ సందర్భం వచ్చింది. ఇరుపక్షాలూ మరణాల గురించే మాట్లాడుతున్నాయి. ఆ మరణాలకు కారణం తేల్చగల పద్ధతిలో అసలు అక్కడి టీకా అధ్యయనం జరిగిందా అని మాత్రం ఎవరూ అడగడం లేదు.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు గార్డాసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. తర్వాత గుజరాత్‌లోని వడోదరలో సెర్వారిక్స్ అనే మరో హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపిన ఈ కార్యక్రమం సుమారు 24 వేల మంది పిల్లలకు చేరింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. నిర్వాహకులు మొదటినుంచీ చెప్పిన మాట ఒకటే: ఇది పరిశీలనాత్మక అధ్యయనం, క్లినికల్ ట్రయల్ కాదు.

శాస్త్రపరంగా ఈ మాట నిలవదు. పరిశీలనాత్మక అధ్యయనంలో పరిశోధకుడు ఎవరికీ మందు ఇవ్వడు. ఎవరు తీసుకున్నారో, ఎవరు తీసుకోలేదో, వారికేమైందో చూస్తాడు. ఇదే టీకాపై 2020లో వెలువడిన స్వీడన్ అధ్యయనం అలాంటిది. దేశ ఆరోగ్య రిజిస్టర్ల నుంచి సుమారు 16.7 లక్షల మంది బాలికలు, యువతుల వివరాలు తీసి, టీకా వేయించుకున్నవారిని వేయించుకోనివారితో పోల్చారు. 17 ఏళ్లలోపే టీకా పడినవారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తక్కువని తేలింది. టీకా ఎవరికి వేయాలన్నది అక్కడ పరిశోధకుల చేతిలో లేదు. ఖమ్మంలో మండలాలు ఎంచినవారు, టీకా తెచ్చినవారు, వేయించినవారు, ఫలితాలు రాసుకున్నవారు అందరూ ఆ అధ్యయన నిర్వాహకులే. అలాంటప్పుడు అది ప్రయోగం.

చట్టపరంగా ఆ మాట ఇంకా బలహీనం. 1945 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల నిబంధనల్లో క్లినికల్ ట్రయల్‌కు నిర్వచనం ఉంది. కొత్త మందు భద్రతనో, సామర్థ్యాన్నో నిర్ధారించేందుకు మనుషులపై క్రమపద్ధతిలో అధ్యయనం చేసి, దాని ప్రభావాలపైన, దుష్ప్రభావాలపైన సమాచారం రాబట్టడమే ట్రయల్. ఈ రెండు టీకాలకు 2008లోనే అనుమతి వచ్చింది కాబట్టి అవి కొత్త మందులు కావని నిర్వాహకుల తరఫున వాదించేవారున్నారు. వారు 122ఇ నిబంధన చదవాలి. అనుమతి పొందిన నాటినుంచి నాలుగేళ్ల పాటు మందు కొత్తదిగానే లెక్క. పైగా అధికార సంస్థ ప్రత్యేకంగా ధ్రువీకరిస్తే తప్ప టీకాలన్నీ కొత్త మందులేనని అక్కడే రాసి ఉంది. అనుమతి తర్వాత జరిపే నాలుగో దశ అధ్యయనాల గురించి అదే నిబంధనల్లోని షెడ్యూల్ వై చెప్పింది. అందులో సాధారణ నిఘాకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. జాతీయ టీకాల కార్యక్రమంలో లేని టీకాను, కొన్ని మండలాలు ఎంచి, విదేశీ సంస్థ ప్రణాళిక ప్రకారం వేయడాన్ని సాధారణ నిఘా అనడం ఎలా కుదురుతుంది?

పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో దీన్ని క్లినికల్ ట్రయల్‌గానే చూసింది. ఆ నివేదికను కోర్టులు పరిగణించవచ్చా అన్న ప్రశ్న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. 2018 మేలో కల్పనా మెహతా కేసులో తీర్పు వచ్చింది. కోర్టులు అలాంటి నివేదికలను గమనంలోకి తీసుకోవచ్చు. వాటి చెల్లుబాటును మాత్రం కోర్టులో సవాలు చేయడానికి వీల్లేదు. వివాదంలో ఉన్న వాస్తవాలను మాత్రం వేరే ఆధారాలతో నిరూపించాలి. కోర్టు నిర్వాహకులను తప్పుబట్టిందని రాసినవారూ, వదిలేసిందని రాసినవారూ ఆ తీర్పులో లేనిదాన్ని చదివారు.

ఇప్పుడు మరణాల దగ్గరికి వద్దాం. ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని 2011లో విచారణ సంఘం అభిప్రాయపడింది. మిగతా దేశాల్లో పెద్ద ట్రయళ్ల ఫలితాలు చూస్తే ఆ అభిప్రాయం సమంజసమే. అయితే అది ఒక్కో మరణాన్ని విడిగా చూసి వచ్చిన అభిప్రాయం. ఏ టీకా వేయకపోయినా 24 వేల మంది పిల్లల్లో కొన్ని నెలల కాలంలో కొన్ని మరణాలు జరుగుతాయి. అవి ఎన్ని అన్నది చెప్పగలిగేది పోలిక బృందం, లేదా అదే వయసు వారి మరణాల ముందస్తు లెక్క. పోల్చి చూసే బృందమే లేనప్పుడు ఏడు అనే అంకె ఎక్కువా తక్కువా అని చెప్పడానికి ఆధారం ఎక్కడిది?

బాధితుల సంఖ్య సున్నా అయినా చిక్కు తీరేది కాదు. గణాంక శాస్త్రంలో ఒక సులభ సూత్రం ఉంది. 24 వేల మందిలో ఒక్క తీవ్ర దుష్ప్రభావం కూడా కనిపించకపోతే, 95 శాతం విశ్వాసంతో మనం చెప్పగలిగేది దాని రేటు 8 వేల మందిలో ఒకరిని మించదని మాత్రమే. అంతకంటే అరుదైన ప్రమాదాన్ని ఆ అధ్యయనం పట్టుకోలేదు. టీకా నిర్దోషి అని ఖమ్మం లెక్కలు రుజువు చేయలేవు. దోషి అనీ చేయలేవు.

ట్రయల్ అని ఒప్పుకొని ఉంటే పోలిక బృందం, మరణాల నమోదు, నష్టపరిహార ఏర్పాటు గురించి ముందే జవాబు చెప్పాల్సి వచ్చేది. సమ్మతి పత్రాల విషయంలోనూ అంతే. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలతో ఉన్నట్టు తేలింది. తల్లిదండ్రుల బదులు వార్డెన్ సంతకం పెట్టిన బిడ్డకు జ్వరం వస్తే ఎవరికి చెప్పుకోవాలో ఇంట్లో తెలియదు. తెలియనప్పుడు ఆ జ్వరం నమోదు కాదు, నమోదు కానిది లెక్కలోకి రాదు. ఆ బిడ్డల హక్కుకు జరిగిన నష్టమూ, శాస్త్రానికి జరిగిన నష్టమూ ఒకే పనివల్ల జరిగాయి.

ఈ టీకా మేలు చేస్తుందని నేను నమ్ముతాను, స్వీడన్ ఆధారం బలమైనది. అందుకే చెబుతున్నాను. 2019 కొత్త నిబంధనలు టీకాలను ఎప్పటికీ కొత్త మందులుగానే పరిగణిస్తాయి కాబట్టి తప్పించుకునే దారి ఇప్పుడు మరింత ఇరుకైంది. ఏ జిల్లాలోనైనా టీకా వేస్తూ దాని ప్రభావాలపై సమాచారం సేకరించదలిస్తే, మొదటి సూది పడకముందే దాన్ని ట్రయల్‌గా నమోదు చేయాలి. పోలిక బృందం ఎవరో, మరణాలను ఎవరు లెక్కిస్తారో రాతపూర్వకంగా ప్రకటించాలి. సమాచారం సేకరించే ఉద్దేశం లేకపోతే సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద బాహాటంగా వేయాలి. ఈ రెండింటికీ మధ్య మూడో దారిని ఏ ప్రభుత్వమూ అనుమతించకూడదు. ఖమ్మంలో నడిచింది ఆ మూడో దారే.