జముకుకి ప్రీసెట్ లేదు

ఇంట్లో పాట రికార్డు చేసుకోవడం ఇప్పుడు అందరి చేతికీ వచ్చేసిందంటున్నారు. అందులో సగమే నిజం. లాప్‌టాప్ వచ్చింది, ఇంటర్‌ఫేస్ వచ్చింది, మైకు వచ్చింది. ఆడాసిటీ ఎప్పట్నుంచో ఉచితమే. రానిదల్లా వాటితో ఏం చెయ్యాలన్న తెలివిడి. అది తెలిసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. అడిగితే మాత్రం "మిక్సింగ్ సీక్రెట్స్ కావాలంటే మా కోర్సులో చేరండి" అంటారు.

రామతీర్థం పక్క పల్లెలో ఓ కుర్రాడు జముకు రికార్డు చేద్దామనుకున్నాడనుకోండి. గిటారుకీ డ్రమ్ కిట్‌కీ ఇంగ్లీషులో కావలసినన్ని సలహాలు దొరుకుతాయి. జముకుకి? ఒకవైపు తోలు, అందులోంచి ఒక తంతి. చంకలో ఇరికించి వాయిస్తారు. తంతి బిగించేకొద్దీ స్వరం జారుతుంది. ఆ జారుడూ, ఆ జీరా దాని ప్రాణం. ఎవరో చెప్పారని నాయిస్ రిడక్షన్ గట్టిగా పెడితే జీర కూడా చెత్తతో పాటు పోతుంది. కార్డియాయిడ్ మైకుని మరీ దగ్గరగా పెడితే బాస్ ఉబ్బిపోతుంది.

తప్పెటగుళ్లు ఇంకా కష్టం. గుండెల మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు, పది పదిహేను మంది తిరుగుతూ, ఎగురుతూ ఆడతారు. తప్పెటకి దగ్గరగా వెళ్తే గజ్జెలు వినపడవు. దూరం జరిగితే పాట మాట తెలీదు. ఈ చిక్కు విప్పినవాళ్లు విజయనగరం, శ్రీకాకుళం స్టూడియోల్లో ఉండే ఉంటారు. కానీ ఎలా విప్పారో ఎక్కడా రాసిపెట్టరు. చివరికి కుర్రాడు విసిగిపోయి డప్పు లూప్ ఒకటి తగిలిస్తాడు. ఉత్తరాంధ్ర జానపదం పేరుతో వస్తున్న పాటలు వరసగా పది వినండి. గొంతులు మారతాయి, దరువు మాత్రం ఒకే సాంపిల్ ప్యాక్‌లోంచి వచ్చినట్టుంటుంది.

"అన్నీ చెప్పేస్తే మా పొట్ట గడవొద్దా?" అంటారు. గడవాలి. మిక్సింగ్‌కి డబ్బు పుచ్చుకోండి, గట్టిగానే పుచ్చుకోండి. కానీ మీరు అమ్ముకునేది మీ చెవి. మైకు ఎన్ని అంగుళాల దూరంలో పెట్టారో చెప్పినంత మాత్రాన ఆ చెవి ఎవడూ ఎత్తుకుపోడు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి; ఎవరెవరో ఊరికే పంచిపెట్టిన కోడ్ మీదే నా జీతం నడుస్తోంది. పంచితే పని పోతుందన్న మాట నాకు చెప్పకండి.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. గురువుగారి ఇంటి గడప దాటని విద్యని తరగతి గదిలోకి తెచ్చిన ఊరది. నూరేళ్లు దాటాక ఆ జిల్లాలోనే మైకు దూరం కులవిద్యలా దాచుకోవడం ఏం మర్యాద?

పెద్ద పుస్తకం ఎవరూ రాయక్కర్లేదు. పాట కింద తెలుగులో నాలుగు ముక్కలు చాలు. ఏ వాయిద్యం, ఏ గది, మైకు ఎంత దూరం, ఎక్కడ తేడా కొట్టింది. వాయించినాయన పేరు మాత్రం అన్నిటికన్నా పైన రాయండి. ఆయన తన విద్యని మీ మైకు ముందు దాచుకోలేదు కదా.