ఇంగ్లిష్ బడి వచ్చింది, అర్థం రావాలి

సంక్రాంతి సెలవులు ముగిసి పిల్లలు తిరిగి వచ్చేసరికి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో, సంక్షేమ గురుకులాల్లో, హాస్టళ్లలో పదో తరగతి వాతావరణమే మారిపోతుంది. తెల్లవారకముందే స్టడీ అవర్, బడి విడిచాక ప్రత్యేక తరగతి, మధ్యలో స్లిప్ టెస్టులు, పాత ప్రశ్నపత్రాల సాధన. మార్చిలో రానున్న పబ్లిక్ పరీక్షే అందరి కళ్ల ముందు ఉంటుంది. ఈ హడావుడిలో ఇంగ్లిష్‌కు దక్కే సమయంలో మంచి వాటా రీడింగ్ కాంప్రహెన్షన్‌కు పోతుంది. ఇచ్చిన ప్యాసేజీని చదివి, దాని కింది ప్రశ్నలకు జవాబులు రాయాలి. వ్యాకరణం పట్టుబడని పిల్లలను, సొంతంగా ఒక ఉత్తరం రాయలేని పిల్లలను కూడా 35 మార్కుల గట్టు ఎక్కించగలిగే భాగం ఇదేనని ఉపాధ్యాయులకు తెలుసు. 'జవాబు ప్యాసేజీలోనే ఉంటుంది, వెతికి రాయండి' అన్నది ఆ గదుల్లో తరచూ వినిపించే అభయం.

ఇది బోధనా పద్ధతులకు సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచబడిన కులాల నుంచి వచ్చిన తొలి, మలి తరం విద్యార్థుల భవిష్యత్తు దీనితో ముడిపడి ఉంది. కుల ప్రశ్నను పట్టించుకునే వారంతా పట్టించుకోవలసిన విషయమిది.

వెతికి రాయడమెలాగో పిల్లలకు ఒక పద్ధతి ప్రకారం నేర్పుతున్నారు. ప్రశ్నలోని ముఖ్యమైన మాట కింద గీత గీయాలి. అదే మాట ప్యాసేజీలో ఎక్కడుందో చూడాలి. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించాలి. 'వై' అని అడిగితే 'బికాజ్' ఉన్న వాక్యం, 'వెన్' అని అడిగితే అంకెలున్న వాక్యం. ఈ పద్ధతి ఎంత పనిచేస్తుందో తెలుగులోనే పరీక్షించి చూడవచ్చు. 'జిబ్బరం తన లోమటిని చెరువు గట్టున పిరలించింది' అనే వాక్యం తీసుకుందాం. జిబ్బరం, లోమటి, పిరలించడం అనే మాటలకు ఏ నిఘంటువులోనూ అర్థం దొరకదు. అవి ఈ వ్యాసం కోసం కల్పించినవి. అయినా 'జిబ్బరం దేనిని పిరలించింది?' అంటే 'లోమటిని' అనీ, 'ఎక్కడ?' అంటే 'చెరువు గట్టున' అనీ ఎవరైనా చెప్పగలరు. రెండుకు రెండు మార్కులూ వస్తాయి. జిబ్బరం పశువో మనిషో, అక్కడ జరిగింది మేలో కీడో మాత్రం తెలియదు. మన పిల్లల్లో ఎందరికో ఇంగ్లిష్ ప్యాసేజీ మొదటి నుంచి చివరి దాకా ఈ జిబ్బరం వాక్యంలాగే ఉంటుంది.

తప్పంతా ఉపాధ్యాయుడి మీదకు నెట్టడం న్యాయం కాదు. సమీక్షా సమావేశంలో అతడిని అడిగేది ఉత్తీర్ణతా శాతమే. ఆరో తరగతి నుంచి పేరుకుపోయిన లోటును మూడు నెలల్లో పూడ్చమంటే, ఏ ఉపాధ్యాయుడైనా దగ్గరి దారినే వెతుకుతాడు. ఫలితాలు కూడా ఆ దారి ఎక్కడికి చేరుస్తుందో అక్కడికే చేరుతున్నాయి. 2025 పదో తరగతి పరీక్షల్లో తెలంగాణలో 92.78 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 81.14 శాతం ఉత్తీర్ణులయ్యారు. దీని పక్కన మరొక లెక్క పెట్టి చూడాలి. 2023లో అసర్ బృందం దేశంలోని 28 జిల్లాల గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వారిని పరీక్షించింది. ఇంగ్లిష్ వాక్యాలను చదవగలిగినవారు 57.3 శాతం. చదవగలిగిన వారిలోనూ దాదాపు నాలుగో వంతు మంది తాము చదివిన వాక్యానికి అర్థం చెప్పలేకపోయారు. అక్కడ ఇచ్చినవి చిన్న చిన్న వాక్యాలు, పదో తరగతి ప్యాసేజీలు కావు. రెండు లెక్కల పరిధులు వేరైనా, ఉత్తీర్ణతకూ అవగాహనకూ మధ్య ఎంత దూరం ఉండవచ్చో ఊహించడానికి ఇవి చాలు.

ఈ దూరానికి కుల చరిత్ర ఉంది. వినడాన్ని, ఉచ్చరించడాన్ని సైతం శూద్రాతిశూద్రులకు నిషేధించిన ధర్మశాస్త్రాల సంగతి అందరికీ తెలిసిందే. వలస పాలనలో బడి తలుపు కొంత తెరుచుకున్నాక, నిషేధం రూపం మార్చుకుంది. రైతుల, శ్రమజీవుల పన్నులతో నిండిన ఖజానా పై కులాల ఉన్నత విద్యకు ఖర్చవుతోందని, వారి పిల్లలకు ప్రాథమిక విద్య కూడా సరిగా అందడం లేదని జోతిబా ఫూలే 1882లో హంటర్ కమిషన్‌కు విన్నవించింది అందుకే. ఫూలే స్వయంగా ఇంగ్లిష్‌ను ఎలా ఉపయోగించుకున్నాడో కూడా గుర్తు చేసుకోవాలి. థామస్ పెయిన్ మానవ హక్కుల గ్రంథాన్ని యువకుడిగా ఉన్నప్పుడే చదివాడు. అమెరికాలో నల్లజాతి బానిసత్వం రద్దయిన తీరును తెలుసుకున్నాడు. 1873లో 'గులాంగిరీ' రాసి, బానిస విముక్తికి పూనుకున్న అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఎక్కడో సముద్రాల అవతల జరిగినదాన్ని చదివి, 'ఇది మా ఊళ్లోనూ ఉంది' అని పోల్చుకోవడమే అవగాహన. ఆ వాక్యం ప్యాసేజీలో ఎక్కడా ఉండదు. చదివేవాడి బతుకూ రాసినవాడి మాటా కలిసిన చోట అది పుడుతుంది. వెతికి దించే సాధన పిల్లల నుంచి తీసేసుకుంటున్నది ఈ శక్తినే.

తెలుగు నేల మీద ఇంగ్లిష్ మాధ్యమం కోసం జరిగిన పోరాటం చిన్నది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో సక్సెస్ పాఠశాలలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఇచ్చిన 81వ నంబరు జీవోను మరుసటి ఏడాది హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మాధ్యమాన్ని ప్రకటించింది. తమ పిల్లలను కాన్వెంట్లలో చదివించుకుంటూ పేదల పిల్లలకు మాతృభాష మహిమను బోధించిన వారి ద్వంద్వ నీతిని బహుజన మేధావులు ఈ చర్చలోనే నిలదీశారు. ఆ నిలదీత సరైనదే. అయితే బోర్డు మీద మాధ్యమం పేరు మారగానే చర్చ ఆగిపోవడం మన పక్షాన జరిగిన లోపం. తరగతి గదిలో ఏ భాష ఉండాలన్న దానిపై జరిగినంత చర్చ, ఆ భాషలో పిల్లలకు ఏం అర్థమవుతోందన్న దానిపై జరగలేదు.

అర్థం కావడం, కాకపోవడం భాష ఒక్కదాని మీదే ఆధారపడదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. 1979లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో భారతీయులకు, అమెరికన్లకు రెండు ఉత్తరాలు ఇచ్చి చదివించారు. ఒకటి భారతీయ పెళ్లి గురించి, మరొకటి అమెరికన్ పెళ్లి గురించి. రెండూ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. ఎవరి పెళ్లి గురించిన ఉత్తరాన్ని వారు వేగంగా చదివారు, ఎక్కువ గుర్తుంచుకున్నారు. పరాయి పెళ్లి దగ్గర తడబడ్డారు. అమెరికన్ వధువు నాయనమ్మ నాటి పెళ్లి దుస్తులు ధరించడం అక్కడ గౌరవం. భారతీయ పాఠకుడికి అది పాతబడిన బట్టలు కట్టుకోవడంగా తోచింది. అత్తవారికి ఇవ్వవలసిన వాటి గురించిన ఒప్పందం అమెరికన్లకు కానుకలు ఇచ్చిపుచ్చుకోవడంగా కనిపించింది. 1988లో బేస్‌బాల్ ఆట గురించిన కథనంతో జరిపిన మరొక అధ్యయనంలో, చదవడంలో వెనుకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు.

ఈ ఫలితాలను మన తరగతి గదికి తెచ్చి చూడాలి. పెళ్లి రెండు దేశాల మధ్యే కాదు, ఒకే ఊరిలో రెండు వాడల మధ్య కూడా వేరుగా ఉంటుంది. మంచు కురిసే పట్టణం, విమాన ప్రయాణం, పియానో పాఠాల గురించిన ప్యాసేజీలో ఒక పిల్లవాడు సగం దూరం నడిచి ఉన్నచోట, మరో పిల్లవాడు మొదటి అడుగు వేయవలసి వస్తుంది. తోలును శుద్ధి చేయడం, తాటిచెట్టు ఎక్కి కల్లు గీయడం, మగ్గం గుంటలో కాళ్లాడించడం, జీవాలను మేపుతూ వలస పోవడం, వరి నాట్లలో వరుస పట్టడం గురించి ప్యాసేజీ ఇస్తే ఆ వరుస తారుమారవుతుంది. డప్పు చర్మాన్ని మంట దగ్గర ఎందుకు కాగబెడతారన్న ప్రశ్నకు జవాబును మాదిగ వాడ పిల్లవాడు దించనక్కరలేదు. అతడికి తెలుసు. తెలిసినదాన్ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పారో చూడడం ద్వారానే అతడు ఇంగ్లిష్ నేర్చుకుంటాడు.

ఇటువంటి రచనలకు కొరత లేదు. రైల్వే కార్మికులుగా మారిన తెలంగాణ దళిత కుటుంబం మూడు తరాల కథను వై.బి. సత్యనారాయణ 'మై ఫాదర్ బాలయ్య'గా 2011లో ఇంగ్లిష్‌లో వెలువరించారు. కవి, విప్లవకారుడు కె.జి. సత్యమూర్తి కుటుంబ చరిత్రను ఆయన మేనకోడలు సుజాత గిడ్ల 2017లో 'యాంట్స్ ఎమాంగ్ ఎలిఫెంట్స్' పేరిట ప్రపంచ పాఠకుల ముందుంచారు. గోగు శ్యామల కథలు ఇంగ్లిష్ అనువాదంలో అందుబాటులో ఉన్నాయి. మన జీవితమే ఇంగ్లిష్‌లో అచ్చయి దేశదేశాల్లో చదవబడుతూ ఉండగా, ఆ జీవితం గడుపుతున్న పిల్లలకు మాత్రం పరీక్ష కోసం ఎవరిదో జీవితాన్ని దించిపెట్టే పని మిగిలింది. వయసుకు తగిన భాగాలను ఎంచి ఇవ్వడానికి ప్రభుత్వ పరిశోధనా, శిక్షణా సంస్థలకు అడ్డేమిటి?

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా అవసరం. పిల్లలను వారి వాడలోనే ఉంచేసే చదువు మరో రకం వెలి అవుతుంది. తెలిసిన చోట నుంచి మొదలుపెట్టేది తెలియని చోటికి వెళ్లడానికే. మండేలా పోరాటాన్నీ, మంచు కురిసే ఊరినీ కూడా వారు చదవాలి. అంతిమంగా రాజ్యాంగాన్నీ, న్యాయస్థానాల తీర్పులనూ, బడ్జెట్ పత్రాలనూ సొంతంగా చదవగలగాలి.

అలా చదవలేకపోతే నష్టమేమిటో ఇటీవలి ఉదాహరణే చెబుతుంది. షెడ్యూల్డ్ కులాల ఉపవర్గీకరణపై 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 మెజారిటీతో తీర్పునిచ్చింది. ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టివేసిన 2004 నాటి చిన్నయ్య తీర్పును అది తోసిపుచ్చింది. మాల, మాదిగ సోదరుల జీవితాలతో ఇంతగా ముడిపడిన ఆ తీర్పులో ఆరు వేర్వేరు అభిప్రాయాలున్నాయి. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం ఉన్నత న్యాయస్థానాల భాష ఇంగ్లిష్. వర్గీకరణకు అటూ ఇటూ నిలబడి వాదించిన విద్యార్థుల్లో ఆ తీర్పును స్వయంగా చదివినవారెందరు? ఎక్కువ మంది వాట్సాప్‌లో వచ్చిన సారాంశాల మీదే ఆధారపడ్డారు. ఏ న్యాయమూర్తి ఏ మాట ఏ సందర్భంలో అన్నారో తెలియక, ఎవరో తమకు అనుకూలంగా తిప్పిన వాక్యాలనే ఆయుధాలుగా పట్టుకున్నారు. తన గురించి రాసినదాన్ని తానే చదువుకోలేనివాడు మధ్యవర్తుల మీద ఆధారపడక తప్పదు. ఆ మధ్యవర్తి గతంలో పురోహితుడు, కరణం. ఇప్పుడు అతడి వేషం మారింది.

ఉద్యోగాల, ఉన్నత విద్య తలుపుల దగ్గరా ఇదే పరిస్థితి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ 2020 నుంచి పూర్తిగా ప్యాసేజీల మీదే నడుస్తోంది. చట్టం గురించి, తర్కం గురించి, చివరికి గణితం గురించి అడిగినా ముందు ప్యాసేజీ చదవాలి. అంబేడ్కర్ విదేశీ విద్యానిధి కింద బయటి దేశాలకు వెళ్లాలన్నా ఐఈఎల్‌టీఎస్, జీఆర్‌ఈ వంటి పరీక్షల గడప దాటాలి. వాటి ప్యాసేజీల్లో ప్రశ్నలోని మాట జవాబులో కనబడదు. దించడం మాత్రమే సాధన చేసిన విద్యార్థి, పదో తరగతిలో మంచి గ్రేడు తెచ్చుకున్నా, ఇక్కడ ఆగిపోతాడు. ఆగిపోయాక 'ప్రతిభ లేదు' అన్న పాత నింద అతడి కులం మీద పడుతుంది.

దీనికి తెలుగు మాధ్యమమే పరిష్కారమని కొందరు అంటారు. పైన చెప్పిన అసర్ నివేదికే, 14-18 ఏళ్ల వారిలో దాదాపు పావు వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని కూడా ధారాళంగా చదవలేకపోతున్నారని చెప్పింది. అంటే జబ్బు భాషది కాదు, చదివించే తీరుది. తెలుగులో ఆలోచించనివ్వకుండా ఇంగ్లిష్ నేర్పాలనుకోవడం కూడా అదే తీరులో భాగం. రెండు భాషల్లో ఎదురెదురు పుటలుగా పాఠ్యపుస్తకాలు అచ్చువేసిన ప్రభుత్వాలు, తరగతిలో ఇంగ్లిష్ ప్యాసేజీ గురించి తెలుగులో వాదించుకోవడాన్ని ఎందుకు ప్రోత్సహించకూడదు? 'ఈ మనిషి ఇలా ఎందుకు చేశాడు? నువ్వైతే ఏం చేసేవాడివి?' అని పిల్లలు తమ యాసలో తగవులాడుకున్నాకే జవాబు ఇంగ్లిష్‌లో రాయించాలి.

మార్పు పరీక్ష నుంచే మొదలు కావాలి, ఎందుకంటే బడి పరీక్షనే అనుసరిస్తుంది. ప్యాసేజీ కింద అడిగే ప్రశ్నల్లో కనీసం సగం దించడానికి వీలులేనివై ఉండాలి. అర్థం సరిగా పట్టుకుని రెండు ముక్కల్లో రాసిన జవాబుకు అక్షరదోషాల పేరిట మార్కులు కోయకూడదు. ఎనిమిదో తరగతి నుంచే వారానికి కొన్ని పీరియడ్లు చదవడానికే కేటాయించాలి. తాళం వేసిన బీరువాలోని పుస్తకాలు పిల్లల చేతికి రావాలి. ఖాళీగా ఉన్న ఇంగ్లిష్ ఉపాధ్యాయ పోస్టులు భర్తీ కావాలి. ఉత్తీర్ణతా శాతంతో పాటు అవగాహనను కూడా జిల్లా సమీక్షల్లో అడగాలి.

విశ్వవిద్యాలయాల్లోని విద్యార్థి సంఘాలకు కూడా ఇందులో పని ఉంది. ప్రతి వర్సిటీకి కూతవేటు దూరంలో ఒక సంక్షేమ హాస్టల్ ఉంటుంది. ఆదివారం రెండు గంటలు అక్కడికి వెళ్లి, పదో తరగతి పిల్లలతో కూర్చుని ఒక పుట చదివించి, దాని గురించి మాట్లాడించడానికి జీవో అక్కరలేదు. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'ను ఇంగ్లిష్‌లో రాశారు. జయంతి నాడు ఆయన విగ్రహానికి దండ వేసే విద్యార్థి ఆ పుస్తకంలో ఒక పుటను తానుగా చదివి, ఒప్పుకునో విభేదించో నాలుగు మాటలు చెప్పగలిగిన రోజున ఇంగ్లిష్ మాధ్యమం కోసం జరిగిన పోరాటం సార్థకమవుతుంది. అందుకు కావలసిన సాధన ఈ పదో తరగతి గదుల్లోనే, ఈ మార్చికి ముందే మొదలు కావాలి.