సాబ్ గారి కారు

"ఏ సాబ్ గారి కార్రా అది?" అంది మా అమ్మ వీడియో కాల్లో.

ఆన్‌సైట్ మీద గోటెబోర్గ్ వచ్చిన కొత్తలో మా టీమ్‌లో ఒక పెద్దాయన తన పాత కార్లో ఎక్కించుకుని ఊరంతా తిప్పి చూపించాడు. ఆ కారు ఫోటో ఇంటికి పంపి కింద "సాబ్ కారు" అని రాశాను. మా అమ్మ పెరిగింది హైదరాబాద్‌లో. ఆవిడ లెక్కలో సాబ్ అంటే సలాం కొట్టించుకునేవాడు, కారు తయారు చేసేవాడు కాదు. అది కంపెనీ పేరని, ఆ కంపెనీ ఇప్పుడు లేదని చెప్తే "లేని కంపెనీ కార్లో ఎందుకు తిరుగుతున్నార్రా, పాడైతే సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?" అంది. ఇన్నాళ్ళ ఇంజినీరింగ్ చదువు తర్వాత కూడా నాకు తట్టని ప్రశ్న అది.

ఇంతకీ ఆ కారు 1990 మోడల్ సాబ్ 900. తాళం చెవి ఎక్కడ పెడతాడా అని నేను స్టీరింగ్ పక్కన చూస్తుంటే, ఆయన రెండు సీట్ల మధ్య, గేరు రాడ్ వెనకాల గుచ్చి తిప్పాడు. ప్రమాదం జరిగితే తాళం చెవి మోకాలి చిప్పకి గుచ్చుకోకూడదని అక్కడ పెట్టారట. పైగా రివర్స్ గేర్లో వేస్తేగానీ చెవి బయటికి రాదు. దొంగ వైర్లు కలిపి స్టార్ట్ చేసినా వెనక్కే వెళ్ళాలన్నమాట :)

అప్పటి నుంచి నాకు ఈ సాబ్ పిచ్చి పట్టుకుంది. దాని వెనక నా సొంత గొడవ కూడా ఒకటి ఉందిలెండి, అది తర్వాత చెప్తాను.

సాబ్ పుట్టింది 1937లో, స్వీడన్ వైమానిక దళానికి విమానాలు చెయ్యడానికి. యుద్ధం అయిపోయాక విమానాల ఆర్డర్లు తగ్గుతాయని కార్ల మీద పడ్డారు. అప్పటికి 90, 91 నంబర్లు విమానాలకి ఇచ్చేశారు కాబట్టి మొదటి కారుకి 92 అని పేరు పెట్టారు. మన ప్రాజెక్ట్ కోడ్‌నే ప్రొడక్ట్ పేరుగా వదిలేసినట్టు. ఆ మొదటి టీమ్‌లో పదహారు మంది ఇంజినీర్లు ఉంటే వాళ్ళలో డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నది ఇద్దరికేనని చెప్పుకుంటారు. టీమ్‌ని నడిపింది గున్నార్ యుంగ్‌స్ట్రోమ్, బొమ్మ గీసింది సిక్స్టెన్ సాసోన్. కార్లు ఎలా చెయ్యాలో తెలియనివాళ్ళు చేశారు కాబట్టి అది పక్క నుంచి చూస్తే విమానం రెక్కలా ఉంటుంది. 1949 చివర్లో ఉత్పత్తి మొదలైంది. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్, 25 హార్స్ పవర్. ఆ రోజుల్లోనే ముందు చక్రాలకి పవర్. మొదట్లో వెనక డిక్కీకి మూత కూడా లేదు, సామాను సీటు వెనక నుంచి దూర్చాల్సిందే. రంగు మాత్రం ఒక్కటే, ఆకుపచ్చ.

ఈ టూ స్ట్రోక్ సంగతి ఒక్క నిమిషం చెప్పాలి. మన పాత బజాజ్ చేతక్, యెజ్దీ గుర్తున్నవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తే అదే ఇంజన్‌కి చమురు. మరి పల్లంలో యాక్సిలరేటర్ వదిలేస్తే? పెట్రోల్ రాదు, దాంతో పాటు ఆయిలూ రాదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకని సైకిల్‌కి ఉన్నట్టు ఫ్రీవీల్ పెట్టారు, కాలు తీస్తే చక్రాలు వేరు ఇంజన్ వేరు. ఎరిక్ కార్ల్‌సన్ అనే ఆయన ఆ బుల్లి ఇంజన్‌తోనే బ్రిటన్‌లో ఆర్.ఎ.సి. ర్యాలీ 1960, 61, 62లో వరసగా మూడుసార్లు, మాంటీ కార్లో ర్యాలీ 1962, 63లో రెండుసార్లు గెలిచాడు. కార్లు బోర్లా పడెయ్యడంలో కూడా ఆయన దిట్ట, స్వీడన్‌లో ఆయన ముద్దుపేరే "కప్పు మీద కార్ల్‌సన్".

కానీ ఆ గెలుపులే కొంప ముంచబోయాయి. అందరూ ఫోర్ స్ట్రోక్‌కి వెళ్ళిపోతుంటే సాబ్ పై అధికారులు "మనది గెలుస్తోందిగా" అని కూర్చున్నారు. చివరికి రోల్ఫ్ మెల్డె అనే ఇంజినీర్ తన సీఈఓని దాటి, కంపెనీ వెనకున్న వాలెన్‌బెర్గ్‌ల దగ్గరికి నేరుగా వెళ్ళి ఒప్పిస్తే, ఫోర్డ్ వాళ్ళ వీ4 ఇంజన్ వచ్చింది. ఎస్కలేషన్ అంటే మనవాళ్ళు భయపడతారుగానీ, అప్పుడప్పుడు కంపెనీని కాపాడేది అదే.

1967లో చూపించిన 99, 1977లో దానికి తగిలించిన టర్బో, 1978లో 900. సాబ్ మంచి రోజులు ఇవి. టర్బో వీళ్ళు కనిపెట్టింది కాదు. అమెరికాలో 1962లోనే వచ్చింది, బీఎండబ్ల్యూ, పోర్షే కూడా వీళ్ళ కంటే ముందే చేశాయి. వాళ్ళది స్పీడు కోసం, వీళ్ళది రోజూ ఆఫీసుకెళ్ళేవాడి కోసం. చిన్న టర్బో పెట్టి, ఒత్తిడి ఎక్కువైతే వదిలేసే వాల్వ్ పెట్టి, మామూలు స్పీడులోనే పనికొచ్చేలా చేశారు. తర్వాత 80ల మొదట్లో దానికో సెన్సర్ తగిలించారు. ఇంజన్ టకటకమని కొట్టుకుంటోందా అని అది వింటూ ఉంటుంది, కొట్టుకుంటే టర్బో ఒత్తిడి తగ్గిస్తుంది. నాసి పెట్రోల్ పోసినా బండి చచ్చిపోదు. 1993లో ఇంకో అడుగు ముందుకేసి ట్రయానిక్ అని సొంత ఇంజన్ కంట్రోల్ సిస్టమ్ రాసుకున్నారు, 32 బిట్ మోటరోలా ప్రాసెసర్ మీద. విడిగా సెన్సర్ కూడా తీసేశారు. స్పార్క్ ప్లగ్గే నిప్పు రాజేశాక సిలిండర్ లోపల అయాన్ల కరెంటు కొలిచి, మండింది సరిగ్గా మండిందో లేదో చెప్తుంది. ఉన్న భాగంతోనే రెండో పని చేయించడం! ఇది చదివిన రోజు రాత్రి రెండింటి దాకా నిద్రపోలేదు నేను.

1986లో అమెరికాలోని టాలడేగా ట్రాక్ మీద మూడు 9000 టర్బో కార్లని లక్ష కిలోమీటర్లు తిప్పారు, సగటున గంటకి 213 కిలోమీటర్ల చొప్పున. సీట్లకి హీటర్లు, హెడ్‌లైట్లకి వైపర్లు 70ల మొదట్లోనే పెట్టారు. రచయిత కర్ట్ వానగట్ ఒకప్పుడు కేప్ కాడ్‌లో సాబ్ డీలర్‌షిప్ నడిపి చేతులు కాల్చుకున్నాడు. తనకి నోబెల్ రాకపోవడానికి డీలర్‌గా ఫెయిలవ్వడమే కారణమని తర్వాత జోకేశాడు కూడా. టీవీలో జెర్రీ సైన్‌ఫెల్డ్ నడిపిందీ సాబ్ 900నే. ప్రొఫెసర్లు, ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు కొనుక్కునే కారని పేరొచ్చేసింది. మరి ప్రొఫెసర్లు ఎంతమంది ఉంటారండీ? ఎంత మంచి ఏడాదిలోనైనా సాబ్ అమ్మకాలు లక్షన్నర కార్లు దాటలేదు.

అక్కడ మొదలైంది అసలు కథ. 1989 చివర్లో, నష్టాల్లో ఉన్న కార్ల విభాగంలో సగం వాటాని జనరల్ మోటార్స్ 60 కోట్ల డాలర్లకి కొంది. 2000లో మిగతా సగం 12.5 కోట్లకే వచ్చేసింది. పదేళ్ళలో రెండో సగం విలువ ఎంత పడిపోయిందో చూశారా.

సాబ్ అభిమానుల్ని ఎవర్నడిగినా ఒకటే మాట: "జీఎం చంపేసింది". మా పెద్దాయన కూడా అదే అన్నాడు. నేను ఒప్పుకోను. అంటే, సగం ఒప్పుకోను.

జీఎం తప్పులు లేవా అంటే, బోలెడు. సుబారూ ఇంప్రెజాకి సాబ్ ముఖం అతికించి 9-2ఎక్స్ అన్నారు, షెవర్లే ట్రయల్‌బ్లేజర్‌కి అతికించి 9-7ఎక్స్ అన్నారు. ఆ రెండో దాంట్లో అలవాటు తప్పకుండా తాళం మాత్రం సీట్ల మధ్యే పెట్టారట, అదొక్కటే సాబ్. 2000లో జెనీవాలో సాబ్ ఇంజినీర్లు నడుస్తుండగానే కంప్రెషన్ మారే ఇంజన్ చూపిస్తే, దాన్ని జీఎం అటకెక్కించింది. ఆ రకం ఇంజన్‌ని నిస్సాన్ వాళ్ళు మార్కెట్లోకి తేవడానికి 2010ల చివరిదాకా పట్టింది.

కానీ అటువైపు కూడా చూడాలి కదా. కొత్త కార్లకి ఓపెల్ వెక్ట్రా పునాది ఇచ్చి, దీని మీద కట్టుకోండి, ఖర్చు కలిసొస్తుందని జీఎం చెప్తే, సాబ్ ఇంజినీర్లు అందులో కనిపించిన ప్రతిదీ మార్చుకుంటూ పోయారని పేరు. బీబీసీ టాప్ గేర్ వాళ్ళు సాబ్ పోయాక చేసిన ప్రోగ్రాంలో, ఆఖరికి దారి చూపించే నావిగేషన్ సిస్టమ్‌ని కూడా మార్చేసి సొంతది పెట్టుకున్నారని నవ్వుతూ చెప్పారు. చూసేవాళ్ళు భలే మొండివాళ్ళని చప్పట్లు కొడతారు. నాకు మాత్రం కడుపులో తిప్పింది. ఎందుకంటే నేనూ అదే చేశాను.

నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రొడక్ట్ కంపెనీలో. నలభై మందిమి. నేను చేరిన ఏడాదికి పెద్ద కంపెనీ ఒకటి కొనేసింది. వాళ్ళ ప్లాట్‌ఫాం మీదకి మారమన్నారు. మేము వాళ్ళ లాగిన్ మాడ్యూల్ చూసి "ఇదేం చెత్త" అనుకుని, మళ్ళీ మా సొంతది రాసుకున్నాం. ఐదు నెలలు! అందులో మూడు నెలలు నావే, అప్పట్లో గర్వంగా చెప్పుకునేవాణ్ణి. వాళ్ళ జాబ్ షెడ్యూలర్ కూడా వద్దని మాదే ఉంచుకున్నాం. రెండేళ్ళకి ప్రొడక్ట్ మూసేశారు. మేమంతా క్యాంటీన్లో కూర్చుని పెద్ద కంపెనీని తిట్టుకున్నాం. నిజం ఏంటంటే, షెడ్యూలర్ విషయంలో మేము కరెక్టు. మా కస్టమర్లు కొన్నదే దాని కోసం. లాగిన్ ఎవరిదైతే వాళ్ళకేంటి? ట్రయానిక్ కోసం పోట్లాడటం వేరు, నావిగేషన్ కోసం పోట్లాడటం వేరు. ఆ రోజు నాకు రెండూ ఒకటే అనిపించాయి. సాబ్‌లో వాళ్ళకీ అలాగే అనిపించి ఉంటుంది.

అందుకే జీఎం చంపిందంటే నేను పూర్తిగా ఒప్పుకోను. 1989లో అది కొనకపోతే సాబ్ అప్పుడే పోయేదేమో. అది పెట్టిన డబ్బుతో ఇరవై ఏళ్ళు బతికింది. జీఎం నిజంగా గొంతు నొక్కింది మాత్రం ఆఖర్లో.

2008 సంక్షోభంలో జీఎంకే దిక్కులేకపోయింది. 2009 ఫిబ్రవరిలో సాబ్ కోర్టు రక్షణకెళ్ళింది. స్వీడన్‌కే చెందిన కోనిగ్‌సెగ్ కొంటానని నవంబర్లో తప్పుకుంది. 2010లో ఏడాదికి పదుల సంఖ్యలో కార్లు చేసే స్పైకర్ అనే డచ్ కంపెనీ కొంది, చీమ ఏనుగుని మోసినట్టు. 2011 వసంతంలో సరుకిచ్చేవాళ్ళకి డబ్బుల్లేక ఫ్యాక్టరీ ఆగింది, తర్వాత జీతాలు ఆగాయి. చైనా నుంచి పాంగ్ డా, యంగ్‌మ్యాన్ అనే కంపెనీలు డబ్బుతో వచ్చాయి. జీఎం కుదరదంది. కార్ల లోపలి టెక్నాలజీ జీఎందే, దాని లైసెన్స్ చైనాలో తన పోటీదారు చేతికి పోవడానికి ఒప్పుకోలేదు. 2011 డిసెంబర్ 19న సాబ్ దివాలా తీసింది. మూడు వేల మంది పైచిలుకు ఉద్యోగులు, క్రిస్మస్‌కి వారం ముందు.

అదే దేశంలో వోల్వోని చూడండి. దాన్నీ అమెరికా వాళ్ళే కొన్నారు (ఫోర్డ్, 1999), అదీ 2010లోనే చేతులు మారింది. చైనా కంపెనీ గీలీ కొంది, టెక్నాలజీ వాడుకునే హక్కులతో సహా. 2019లో వోల్వో ఏడు లక్షల కార్లు అమ్మింది. వోల్వో పెద్దది, అమ్మకాలు ఎక్కువ, నిజమే. కానీ సాబ్‌ని కొనడానికి వచ్చినవాడికి అమ్మడానికి సాబ్ దగ్గర సాబ్ లేదు. డిపెండెన్సీల లైసెన్సులు ఎవరూ చదవరు, నేనూ చదవను. మా అమ్మ అడిగిన "సామాన్లు ఎక్కడ దొరుకుతాయి" కూడా దాదాపు ఇదే ప్రశ్న.

తర్వాత నెవ్స్ అనే కంపెనీ 2012లో ఫ్యాక్టరీ కొని 2013 డిసెంబర్ నుంచి 2014 మే దాకా కొన్ని 9-3లు చేసింది. డబ్బు ఆగింది, సాబ్ పేరు వాడుకునే హక్కూ పోయింది. విమానాల సాబ్ మాత్రం శుభ్రంగా ఉంది. మన వైమానిక దళం 126 యుద్ధ విమానాల పోటీ పెట్టినప్పుడు గ్రిపెన్‌తో వచ్చి, 2012లో రఫాల్ గెలిచిన పోటీలో ఓడిపోయింది వాళ్ళే. అన్నట్టు, మనవైపు స్కానియా బస్సెక్కినవాళ్ళు ముందు ఉండే కిరీటం పెట్టుకున్న గద్ద తల చూసే ఉంటారు. సాబ్ బొమ్మ కూడా అదే. 1969లో రెండూ ఒకే కంపెనీ అయ్యాయి లెండి.

మొన్న శనివారం పెద్దాయన నన్ను ట్రోల్హాటన్ తీసుకెళ్ళాడు, డెబ్భై కిలోమీటర్ల పైన. దివాలా తర్వాత మ్యూజియంలో కార్లన్నీ వేలానికొస్తే, 2012లో ఆ ఊరి మున్సిపాలిటీ, విమానాల సాబ్, వాలెన్‌బెర్గ్ ఫౌండేషన్ కలిసి కొని నిలబెట్టాయి. 1940ల నాటి మొదటి నమూనా కారు నల్లగా నిగనిగలాడుతూ అక్కడే ఉంది. దాని ముందు నిలబడి నా లాగిన్ మాడ్యూల్ కథ చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.

"మా నాన్న ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశాడు" అన్నాడు. "నువ్వు చెప్పిందే ఆయనా అనేవాడు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు."

తిరిగొచ్చేటప్పుడు కారు నన్ను నడపమన్నాడు. కూర్చోగానే నా చెయ్యి స్టీరింగ్ పక్కకే వెళ్ళింది.